పోలీసు, కస్టమ్స్, కోర్టు: మేధోసంపత్తి హక్కుల మీద అపోహలు - వాస్తవాలు

డూప్లికేట్ సరుకు బజారులో కనబడగానే "మాకు రిజిస్ట్రేషన్ ఉంది, ఇక ప్రభుత్వమే చూసుకుంటుంది" అనే ధీమా చాలామందిలో ఉంటుంది. చట్టం హక్కు ఇస్తుంది. దాన్ని ఎవరు తొక్కుతున్నారో కనిపెట్టే పని మాత్రం హక్కుదారుడిదే. పైగా పోలీసులు, కస్టమ్స్, కోర్టు ఎవరికి వారు వేరే కాగితాలు అడుగుతారు. అవి సిద్ధంగా లేకే సగం ఫిర్యాదులు మొదట్లో ఆగిపోతాయి.

అపోహ: కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉన్నాయి కాబట్టి పేరు మాదే.

ఈ మూడింటితో వ్యాపారం చేసుకోవచ్చు, అంతే. పేరు మీద హక్కు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రేషన్‌తో వస్తుంది, లేదా ఏళ్ల తరబడి వాడినట్టు రుజువులుంటే వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వేస్తే వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు ఒక్కో క్లాసుకు (సరుకుల వర్గానికి) రూ.4,500, మిగతావాళ్లకు రూ.9,000. ఇక్కడ "ఒక్కో క్లాసుకు" అన్నదే ముఖ్యం. కారప్పొడి 30వ క్లాసు, ఊరగాయ 29. కారానికి మాత్రమే తీసుకుని తర్వాత అదే పేరుతో ఆవకాయ మొదలుపెడితే, ఎవరైనా ఆ పేరు కాపీ కొట్టినప్పుడు రెండు సరుకులూ దగ్గరివేనని, జనం పొరబడతారని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది.

దరఖాస్తు వేసిన రోజు నుంచి టీఎం అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. ముందే వేస్తే అదే తప్పవుతుంది.

అపోహ: మా పేరును పోలిన పేరును ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ ఎలాగూ తిరస్కరిస్తుంది.

కొన్నిసార్లు తిరస్కరిస్తుంది, కొన్నిసార్లు పత్రికలో ప్రచురించేస్తుంది. ట్రేడ్‌మార్క్స్ జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. అందులో అచ్చయిన తేదీ నుంచి 4 నెలల్లోపు అభ్యంతరం వేయాలి. ఆ గడువును పొడిగించరు. జర్నల్ చూసే అలవాటు లేని సంస్థలు ఇక్కడే దెబ్బతింటాయి.

అపోహ: కంప్లయింట్ ఇస్తే ఎస్సై వచ్చి గోడౌన్ సీజ్ చేస్తాడు.

ట్రేడ్‌మార్కు కేసులో అలా కుదరదు. ట్రేడ్‌మార్కుల చట్టం 115వ సెక్షన్ ప్రకారం వారంట్ లేకుండా సోదా చేసి సీజ్ చేసే అధికారం డీఎస్పీకి, ఆపై స్థాయి వాళ్లకే ఉంది. సోదాకు ముందు ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని దానికి కట్టుబడాలి. ఆ ఉత్తరం వచ్చేలోగా రోజులు గడుస్తాయి, కబురు బయటికి పొక్కుతుంది, గోడౌన్ ఖాళీ అవుతుంది.

కాపీరైట్ చట్టం 64వ సెక్షన్ కింద ఎస్సై కూడా సీజ్ చేయవచ్చు, రిజిస్ట్రార్ అభిప్రాయం అక్కర్లేదు. అదే చట్టం 63వ సెక్షన్ నేరం కాగ్నిజబుల్ (వారంట్ లేకుండా అరెస్టు చేయగలిగేది), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రానిది) అని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. అందుకే తెలిసిన లాయర్లు ప్యాకెట్ మీది లేబుల్ బొమ్మకు కాపీరైట్ కూడా రిజిస్టర్ చేయించి పెడతారు. సరుకు మీద వాడే బొమ్మ కాబట్టి ముందుగా ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ నుంచి సెర్చ్ సర్టిఫికెట్ (అలాంటి మార్కు వేరెవరి పేరునా లేదనే పత్రం) తెచ్చుకోవాలి. అలాగని వెంటనే అరెస్టు చేస్తారని ఆశ పెట్టుకోవద్దు. రెండు చట్టాల్లోనూ గరిష్ఠ శిక్ష 3 ఏళ్లే, ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో పోలీసులు మామూలుగా నోటీసు ఇచ్చి పిలిపిస్తారు.

ఫిర్యాదుతో పాటు ఇవ్వాల్సినవి: రిజిస్ట్రేషన్ సర్టిఫైడ్ కాపీ, సంస్థ తరఫున వచ్చే మనిషికి అధికార పత్రం, బిల్లుతో కొన్న నకిలీ ప్యాకెట్, అసలుకీ నకిలీకీ తేడాలు పక్కపక్కన చూపే పట్టిక. పట్టికలో అక్షరాల తీరు, బ్యాచ్ నంబరు ముద్ర, సీలింగ్ అంచు, రంగు వంటివి ఉండాలి. "చూడగానే తెలిసిపోతుంది" అని రాస్తే కోర్టులో నిలబడదు.

సోదా రోజు తప్పులు ఎక్కువగా పంచనామాలో దొర్లుతాయి. "12 బస్తాల నకిలీ కారం" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. నింపిన ప్యాకెట్లెన్ని, ఖాళీ కవర్లెన్ని, ఏ బ్యాచ్ నంబర్లు అన్నది విడివిడిగా రాయించాలి. శాంపిళ్లు అక్కడికక్కడే సాక్షుల ముందు సీలు వేయించాలి. ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ కింద సోదా, సీజ్ మొత్తం వీడియో తీయడం తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం, కవర్లు అచ్చేసే ప్రింటింగ్ సిలిండర్లు. సరుకు పట్టుకుని వాటిని వదిలేస్తే కొత్త ప్యాకెట్లు మళ్లీ దిగుతాయి. అచ్చులు, బ్లాకులు, యంత్రాలు సీజ్ చేసే అధికారం అదే 115వ సెక్షన్‌లో ఉంది. సీజ్ అయిన సరుకు తనదేనంటూ తిరిగి ఇప్పించమని మెజిస్ట్రేట్‌ను అడగడానికి ఎవరికైనా 15 రోజుల గడువుంటుంది. పంచనామా బలం బయటపడేది అప్పుడే.

అపోహ: సివిల్ కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుంది.

తుది తీర్పుకు పట్టవచ్చు. తాత్కాలిక ఇంజంక్షన్ (అమ్మకం ఆపమనే కోర్టు ఆదేశం) అంత ఆలస్యం కాదు, దాంతోపాటే అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్లి చూసి వచ్చే లాయరును) కూడా అడగవచ్చు. ట్రేడ్‌మార్కుల చట్టం 134వ సెక్షన్ ప్రకారం మీరు వ్యాపారం చేసే చోటే దావా వేసుకోవచ్చు. తెలిసి కూడా నెలల తరబడి మిన్నకుండి, ఇప్పుడు "అత్యవసరం" అంటే జడ్జి నమ్మరు. అత్యవసరం కాకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి.

అపోహ: పోర్టులో కస్టమ్స్ వాళ్లే నకిలీలను ఆపేస్తారు.

అనుమానం వస్తే సొంతంగా ఆపే అధికారం ఉంది. కానీ వాళ్ల రికార్డులో మీ పేరు లేకపోతే మీ బ్రాండు నకిలీ అని వాళ్లకెలా తెలుస్తుంది? 2007 నాటి నిబంధనల కింద ముందుగా కస్టమ్స్ దగ్గర మీ హక్కు గురించి నోటీసు నమోదు చేయించాలి. సరుకు ఆపాక బాండు, పూచీ ఇవ్వాలి, 10 పనిదినాల్లోగా విచారణలో చేరాలి. లేదంటే సరుకు వదిలేస్తారు. ధ్వంసం చేసే ఖర్చు కూడా హక్కుదారుడిదే. ఇది తెలిశాక వెనక్కి తగ్గేవాళ్లు బోలెడు. పేటెంట్లను 2018లో ఈ నిబంధనల నుంచి తీసేశారు.

అపోహ: పేటెంట్ కాపీ కొడితే జైలు.

కాదు. అది పూర్తిగా సివిల్ వ్యవహారం.

అపోహ: జీఐ వచ్చింది కాబట్టి పోచంపల్లి పేరు ఆ ఊరి నేతగాళ్లంతా వాడుకోవచ్చు, బయటివాళ్లెవరూ వాడలేరు.

జీఐ (భౌగోళిక సూచిక, అంటే ఒక ప్రాంతపు సరుకు పేరుకిచ్చే రక్షణ) ఒక సంఘం పేరున నమోదవుతుంది. నేతగాడు విడిగా అధీకృత వినియోగదారుగా పేరు ఎక్కించుకోవాలి. 2020లో ఆ ఫీజును రూ.10కి తగ్గించారు, అయినా ఎక్కించుకోనివాళ్లు చాలామంది. ఇక మిల్లు ప్రింటు గుడ్డను "పోచంపల్లి" అని అమ్మితే కేసు పెట్టవచ్చు. ఊరి పేరు ఎత్తకుండా "ఇకత్ ప్రింట్" అని అమ్మితే జీఐ చట్టం కింద పట్టుకోవడం చాలా కష్టం.

అపోహ: కథ రాసి మనకు మనమే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుంటే కాపీరైట్ వచ్చేస్తుంది.

రాయగానే కాపీరైట్ వచ్చేసింది, కవరుతో పని లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సాక్ష్యంగా మాత్రం బలం. ఐడియాకు రక్షణ ఉండదు, రాసిన తీరుకే ఉంటుంది. మీ పని ఎవరో ఆన్‌లైన్‌లో పెట్టేస్తే ఆ వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2013 కాపీరైట్ నిబంధనల ప్రకారం 36 గంటల్లో ఆ లింకును ఆపాలి. ఆ నిలుపుదల 21 రోజులే ఉంటుంది. ఆలోపు కోర్టు ఆర్డరు తెచ్చి చూపకపోతే వాళ్లు లింకు మళ్లీ తెరవవచ్చు.