ట్రాక్ మీద పాడేటప్పుడు తాళం ఎక్కడ తప్పుతుంది

మా అక్క ముప్పై ఏళ్లుగా కర్ణాటక సంగీతం పాడుతోంది. కూరగాయలు తరుగుతున్నా ఆమె కత్తి ఆదితాళంలోనే పడుతుంది. ఆ మధ్య బంధువుల పెళ్లి వీడియో కోసం పాత సినిమా పాట ఒకటి ట్రాక్ మీద (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగు మీద) పాడింది. కిటికీకి దుప్పటి కట్టి, ఫోనులో ట్రాక్ పెట్టుకుని, చెవులకు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, అదే ఫోనులో రికార్డు చేసింది. విని చూస్తే తబలా దెబ్బ పడ్డాక కాస్త ఆగి ఆమె మాట వస్తోంది. మళ్లీ పాడింది, మళ్లీ అదే. ఏడోసారీ అలాగే అయ్యేసరికి ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, “లయ జారిపోతోంది రా, వయసు కాబోలు” అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంట్లో కూర్చుని ట్రాక్ మీద పాడేవారు ఎందరో ఇలాగే తమను తాము తప్పుపట్టుకుంటున్నారు. లయజ్ఞానాన్ని శంకించే ముందు యంత్రాన్ని శంకించాలి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు ధ్వని ఉన్నదున్నట్టు వెళ్లదు. ఫోను దాన్ని కుదించి చిన్న చిన్న మూటలు కట్టి రేడియో తరంగాల మీద పంపుతుంది. ఇయర్‌ఫోను ఆ మూటలు విప్పి, కొన్ని పోగయ్యాకే వినిపించడం మొదలుపెడుతుంది. ఇందుకు మామూలుగా 100 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఇది మనకు తెలియదు, ఎందుకంటే బొమ్మను కూడా ఫోను అంతసేపూ ఆపి చూపిస్తుంది. పాడేవారి గొంతును అలా ఆపలేదు కదా! అక్క తనకు వినిపించిన దెబ్బ మీదే సరిగ్గా పాడింది. ఆ దెబ్బ ఆమె చెవికి చేరేసరికే ఫోను లెక్కలో అది గడిచిపోయింది. నిమిషానికి 100 దెబ్బల నడకలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 600 మిల్లీసెకన్లుంటాయి. 200 మిల్లీసెకన్ల ఆలస్యమంటే అందులో మూడో వంతు. దెబ్బకు మూడు అక్షరాలుండే తిశ్ర నడకలో చెప్పాలంటే ‘తకిట’లో ఒక పూర్తి అక్షరం.

తీగ ఉన్న ఇయర్‌ఫోన్లతో ఈ బాధ చాలావరకు పోతుంది, కానీ పూర్తిగా పోదు. కంప్యూటర్ ధ్వనిని సాధారణంగా సెకనుకు 44,100 నమూనాలుగా కొలిచి, వాటిని గుంపులు గుంపులుగా అటూ ఇటూ పంపుతుంది. ఆ గుంపు పేరు బఫర్. 256 నమూనాల బఫర్ నిండడానికి దాదాపు 6 మిల్లీసెకన్లు, 1,024 నమూనాలకు 23 మిల్లీసెకన్లు పడుతుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ అంకెను మనమే ఎంచుకోవచ్చు. పాడేటప్పుడు చిన్నదిగా, తర్వాత మిక్సింగ్ చేసుకునేటప్పుడు పెద్దదిగా పెట్టుకుంటే సరిపోతుంది. ఆరు మిల్లీసెకన్లకు బెంబేలు పడనక్కరలేదు. గాలిలో ధ్వని ఒక మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కచేరీలో రెండు మీటర్ల దూరాన ఉన్న మృదంగం నాదం గాయకుడి చెవికి చేరడానికీ అంతే సమయం కావాలి.

మీ పరికరంలో ఆలస్యం ఎంతో కొలవడానికి చాలామంది ట్రాక్ వింటూ చప్పట్లు కొట్టి రికార్డు చేస్తారు. అందులో ఒక మెలిక ఉంది. టిక్కు టిక్కుమనే శబ్దానికి సరిగ్గా వేలు తట్టమని ప్రయోగశాలల్లో అడిగినప్పుడు మనుషులు టిక్కు కంటే కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే తడతారు. సంగీతం నేర్చినవారిలో ఆ తేడా తక్కువగా ఉంటుంది. తట్టేవారికి మాత్రం తాము సరిగ్గా కలిపామనే అనిపిస్తుంది. మనం దెబ్బను విని స్పందించడం లేదు, అది ఎప్పుడు పడుతుందో ఊహించి ఎదురు వెళ్తున్నాం. లయ అనే శక్తి అంతా ఆ ఊహలోనే ఉంది. కాబట్టి కొలతలో మనిషిని పెట్టకండి. ఇయర్‌ఫోనును మైకుకు ఆనించి, ట్రాక్ మొదట్లోని టిక్కులను మైకు ద్వారా రికార్డు చేయండి. తెర మీద అసలు టిక్కుకూ రికార్డయిన టిక్కుకూ మధ్య ఎంత జరుగుబాటు కనిపిస్తే, గొంతు రికార్డింగును అంత ముందుకు, అంటే పాట మొదలు వైపుకు, లాగండి.

సొంత గొంతును ఇయర్‌ఫోన్లలో వింటూ పాడేవారికి ఇంకో ప్రమాదం ఉంది. మన మాట మనకే ఆలస్యంగా వినిపిస్తే ఏమవుతుందో 1950లో బెర్నార్డ్ లీ అనే అమెరికన్ పరిశోధకుడు రాశాడు. సెకనులో అయిదో వంతు ఆలస్యానికి బాగా మాట్లాడేవారు కూడా నత్తినత్తిగా, సాగదీస్తూ మాట్లాడతారు. పాటలోనూ ఇదే జరుగుతుంది. పాడుతున్నకొద్దీ నడక బరువెక్కుతుంది. అందుకే చాలామంది స్టూడియో గాయకులు ఒక చెవి మీద హెడ్‌ఫోను తొలగించుకుంటారు. ఆ చెవికి సొంత గొంతు గాలి ద్వారా, పుర్రె ఎముకల ద్వారా యంత్రం జోక్యం లేకుండా అందుతుంది.

యంత్రం సంగతి చక్కబడ్డాక అసలు రుచికరమైన ప్రశ్న మిగులుతుంది: అక్షరంలో ఏ చోటు దెబ్బ మీద పడాలి? ‘శ్రీ’ అనండి. మొదట శకారం బుస కొడుతుంది, నాలుక రేఫను తాకుతుంది, ఆ తర్వాత ‘ఈ’ తెరుచుకుంటుంది. చెవి ఆ అక్షరం ‘పడింది’ అని లెక్కవేసేది శకారం మొదలైనప్పుడు కాదు, దాదాపుగా అచ్చు తెరుచుకునే చోట. ఈ సంగతిని 1976లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు మోర్టన్, మార్కస్, ఫ్రాంకిష్ లోకం దృష్టికి తెచ్చారు. మంచి గాయకులకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. హల్లును దెబ్బకు ముందే అనేసి, అచ్చును దెబ్బ మీద కూర్చోబెడతారు. కంప్యూటర్ తెర మీద దెబ్బలను చూపే గీతలు చూసి గొంతు ముక్కలను జరిపేవారు మాత్రం ఇక్కడే పొరబడతారు. శకారం మొదలును తెచ్చి గీతకు ఆనించి, పాట వెనకబడిందేమిటని ఆశ్చర్యపోతారు. నేనూ ఆ పని చేశాను. ‘ఈ’ గీత మీదికి వచ్చేదాకా ముందుకు లాగితే పాట నిలబడింది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి తెలుగులో ఈ పని మరీ హాయి. ముందు మాట చివరి అచ్చు నుంచి కాస్త కాలం తీసుకుని తర్వాతి మాట హల్లుకు ఇచ్చేయవచ్చు. ఊపిరి తీసుకోవడానికీ అదే కిటుకు. ఊపిరిని వెనకటి మాట తోక నుంచి కత్తిరించుకోవాలి, రాబోయే మాట తల నుంచి కాదు. మృదంగ విద్వాంసుడు మన ఊపిరి చూసి ఒక వెంట్రుకవాసి ఆగుతాడు. ట్రాక్ ఆగదు.

ట్రాకులన్నీ ఒకే కాలప్రమాణంలో కదులుతాయనుకోవడమూ తప్పే. ఇయర్‌ఫోన్లలో టిక్కులు వింటూ వాయించే క్లిక్ ట్రాక్ పద్ధతి హాలీవుడ్‌లో 1930ల నాటికే ఉంది. అలా వాయించిన పాటలో నడకను టిక్కులే నిలబెడతాయి. కానీ టిక్కులు లేకుండా గాయకులు, వాద్యబృందం ఒకే గదిలో కలిసి పాడి వాయించిన పాత పాటల్లో నడక మనిషి ఊపిరిలాగే కొద్దికొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలాంటి పాట ట్రాక్ మీద పాడాలంటే పల్లవి వేగాన్ని నమ్ముకుని చరణంలోకి దిగకూడదు. ముందు పాడకుండా, చేత్తో తాళం వేసుకుంటూ నాలుగుసార్లు వినాలి.

శ్రుతి అందక ట్రాక్‌ను దించుకునేవారికి ఒక మాట. టేపు రోజుల్లో వేగం 6 శాతం తగ్గిస్తే శ్రుతీ అర మెట్టు (ఒక సెమీటోన్) దిగేది, రెండూ ఒకే తాడుకు కట్టి ఉండేవి. ఆ తాడును కంప్యూటర్ గణితం విప్పింది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లానగన్, గోల్డెన్ 1966లో వర్ణించిన ఫేజ్ వోకోడర్ అనే పద్ధతి ఇందుకు మూలం. అయితే ఎక్కువ సాగదీస్తే తబలా దెబ్బ పదును పోయి మెత్తబడుతుంది. ఒక్కోసారి మనం అడగకుండానే ట్రాక్ మారిపోతుంది. సెకనుకు 44,100 నమూనాల ట్రాక్‌ను సాఫ్ట్‌వేర్ 48,000 అని పొరబడితే నాలుగు నిమిషాల పాట దాదాపు 20 సెకన్ల ముందే అయిపోతుంది, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ల మేర పైకి లేస్తుంది. ట్రాక్ పరుగెడుతున్నట్టు అనిపిస్తే మొదట చూడవలసింది ఈ అంకెనే.

ఆ రోజు అక్కకు తీగ ఇయర్‌ఫోన్లు ఇచ్చి, ఒక చెవి వదిలేయమన్నాను. ఎనిమిదోసారి పల్లవి దెబ్బ మీద అతికినట్టు కూర్చుంది. రెండో చరణం చివర మాత్రం ఒక మాట కొద్దిగా వెనకగా వచ్చింది. తెర మీద దాన్ని ముందుకు లాగబోతుంటే అక్క నా చేయి పట్టుకుంది. “అది నేను కావాలనే ఆపాను” అంది.