గంటసేపు నడిచే మనిషి కుర్చీలోంచి ఎందుకు లేవలేడు?

రోజూ ఉదయం గంటసేపు నడిచే 72 ఏళ్ల పాఠకుడొకరు ఇలా అడిగారు: "నడకలో అలుపు రాదు. కాని కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించక తప్పడం లేదు. ఎందుకని?" దీనికి జవాబు కండలో కన్నా, కండను నడిపే నాడుల్లో ఎక్కువగా ఉంది.

వెన్నుపాములోని ఒక్కొక్క చాలక నాడీకణం కొన్ని కండర తంతువుల చేత పని చేయిస్తుంది. దానిని మేస్త్రి అనీ, ఆ తంతువులను అతని ముఠా అనీ అనుకుందాం. కంటిగుడ్డును తిప్పే కండరంలో ఒక్కో మేస్త్రి కింద పట్టుమని పదిమంది ఉంటే, పిక్కలో వెయ్యికి పైగా ఉండవచ్చు. పని తగిలినప్పుడు ముందు చిన్న ముఠాలు దిగుతాయి, బరువు పెరిగితేనే పెద్దవి కదులుతాయి. అమెరికా నాడీశాస్త్రవేత్త ఎల్వుడ్ హెన్నెమన్ నిరూపించిన ఈ వరుసకు కారణం ఓమ్ సూత్రమే. చిన్న ముఠాను నడిపే నాడీకణం కూడా చిన్నదే. దానికి ఉపరితలం తక్కువ, కనుక నిరోధం ఎక్కువ. అంతే విద్యుత్ప్రవాహం చేరినా దానిలో వోల్టేజి ఎక్కువగా మారి, ప్రేరణ హద్దును అదే ముందుగా దాటుతుంది. ఓమ్ సూత్రాన్ని రాగి తీగలతోనే సరిపెట్టే మాస్టార్లు ఈ ఒక్క సంగతి చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు.

చదును నేల మీద నడకకు చిన్న ముఠాలు చాలు, కుర్చీలోంచి లేవడానికి కావలసిన పెద్దవాటికి కబురే వెళ్లదు. పైగా వయసు మీరేకొద్దీ కొందరు మేస్త్రులు పోతారు. దిక్కులేకుండా మిగిలిన తంతువుల్లో కొన్నింటిని పక్క మేస్త్రులు చేరదీస్తారు, తక్కినవి నశిస్తాయి. చేరదీసేవి ఎక్కువగా నెమ్మదిగా పనిచేసే చిన్న ముఠాలు కావడంతో, పెద్ద ముఠాల నుంచి వచ్చి చేరిన చురుకైన తంతువులకూ క్రమంగా ఆ నెమ్మదే అబ్బుతుంది. మైళ్లకొద్దీ నడిచే మనిషి ఒక్క ఊపున లేవలేకపోవడంలో దీని పాత్ర పెద్దది. వయసుతో కండ తరిగిపోవడానికి అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో పెట్టిన పేరు సార్కోపీనియా.

పోయిన మేస్త్రిని తిరిగి తేలేము, కాని ఉన్నవారిని పనిలోకి పిలవవచ్చు. 1990లో వెలువడిన ఒక అధ్యయనంలో బోస్టన్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉండే 86 నుంచి 96 ఏళ్ల వారు పదిమంది, పర్యవేక్షణలో ఎనిమిది వారాలు తొడలకు బరువు కసరత్తు చేశారు. చివరిదాకా చేసిన తొమ్మిదిమందిలో బలం సగటున 174 శాతం పెరిగింది, తొడకండ వైశాల్యం మాత్రం 9 శాతమే పెరిగింది. ఈ రెండు అంకెల మధ్య తేడాను నేను ఎన్నిసార్లు చూసినా తనివితీరదు. కూలీలు పెద్దగా బలిసిందేమీ లేదు, పిలుపు అందింది.

ఇంట్లో ఆ బరువు మన ఒళ్లే. గట్టి కుర్చీని గోడకు ఆనించి, ముందు అంచుకు జరిగి, పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా వంగి లేవాలి. కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కిస్తూ దిగాలి. చాలామంది చివరి నాలుగు అంగుళాలూ దభీమని కూలబడతారు, తొడలకు అసలు పని అక్కడే. ఊపిరి బిగబడితే రక్తపోటు పెరుగుతుంది కనుక లేచేటప్పుడు వదలాలి. ఎనిమిది పదిసార్లు చేసి, కాస్త ఆగి మళ్లీ చేసినా పది నిమిషాలకు మించదు. వారానికి కనీసం రెండు రోజులు చేయాలి. మోకాళ్లు అరిగిపోతాయన్నది ఇంటింటా వినిపించే భయమే గాని, కీళ్ల అరుగుదలకు వైద్యులు మొదట సూచించే వాటిలో వ్యాయామం ఒకటి. గుండె జబ్బు, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి మొదలుపెట్టాలి.

ఆ పాఠకుడికి చేతులు వదిలితే లేవడం కుదరకపోవచ్చు. దుప్పటిని గట్టిగా మడిచి, జారకుండా సీటు మీద వేసుకుంటే ఎత్తు పెరిగి, మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. లేవడం తేలికైనప్పుడల్లా ఒక్కో మడత తీసేస్తూ రావచ్చు.