ఇంగ్లండ్ పల్లెల్లోని ఓక్ ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్ ఆగ్నేయ ప్రాంతంలోని పాత రైతుల ఇళ్లలో బరువు మోసేది గోడలు కాదు, ఓక్ స్తంభాలూ దూలాలూ బిగించిన చట్రం. అలాంటి ఇళ్ల మరమ్మతు నా వృత్తి. వాటి గురించి పదేపదే వినిపించే మాటలు ఇవి.

అపోహ: దూలాలు పాత ఓడల నుంచి విప్పి తెచ్చినవి.

వాస్తవం: వంపు తిరిగిన కొయ్యనూ ఖాళీ బెజ్జాలనూ సాక్ష్యంగా చూపిస్తారు. వంపు కావలసిన చోటికి వడ్రంగి వంపు చెట్టునే ఏరుకునేవాడు. ఖాళీ బెజ్జాలు సాధారణంగా తీసేసిన అడ్డగోడవో, విప్పేసిన మరో ఇంటివో. ఓక్‌ను పచ్చిగా ఉండగానే చెక్కేవారు, ఎండాక అది ఉలికి సులభంగా లొంగదు. ఏ ముక్క దేనిలో దిగాలో తెలిసేలా రోమన్ అంకెలు గీసేవారు. అవి వరుస తప్పకుండా ఉంటే ఆ చట్రం ఆ ఇంటికోసమే తయారైందని నమ్మవచ్చు.

అపోహ: తలుపు మీద చెక్కిన ఏడాదే ఇల్లు పుట్టిన ఏడాది.

వాస్తవం: అది పెళ్లి జరిగిన ఏడాది కావచ్చు, పొగగొట్టం కట్టినదీ కావచ్చు. నేను ముందు అటక ఎక్కుతాను. వాసాలకు మసి పట్టి ఉంటే, ఒకప్పుడు నడిమింట్లో నేల మీదే నిప్పు రాజేసేవారని, పైన అంతస్తు లేదని అర్థం. పొగగొట్టాలు, పై అంతస్తులు ఎక్కువగా 16, 17 శతాబ్దాల్లో చేర్చినవే. ఒకప్పుడు కెంట్‌లో ఉన్న బేలీఫ్ అనే రైతు ఇంటినే చూడండి. నడిమిల్లు 15వ శతాబ్దం తొలినాళ్లది, ఒక కొస 16వ శతాబ్దం ఆరంభంలో జోడించినది. కొయ్యలోని వలయాలను లెక్కించి ఈ సంగతి తేల్చారు. జలాశయం కోసం ఆ ఇంటిని విప్పి, ససెక్స్‌లోని సింగిల్టన్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. అక్కడికి వెళితే నడిమింట్లో నిలబడి పైకప్పు దాకా చూడండి.

అపోహ: నల్ల దూలాలు, తెల్ల గోడలే అసలు రూపం.

వాస్తవం: చాలా చోట్ల ఆ నలుపు 19వ శతాబ్దపు మోజు. రంగు వేయని ఓక్ ఎండావానలకు వెండి బూడిద రంగుకు తిరుగుతుంది.

అపోహ: సిమెంటు పూస్తే గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. దూలాల మధ్య ఉన్నది తడిక మీద మెత్తిన మట్టి. కొయ్య కదిలినప్పుడల్లా సిమెంటు చీలుతుంది. చీలికలోంచి దిగిన నీరు బయటికి పోయే దారి లేక ఓక్‌ను కుళ్లబెడుతుంది. సున్నం పూతలో అయితే తేమ ఆరిపోతుంది. మీ ఇంటికి సిమెంటు పూసి ఉంటే, సున్నం పని తెలిసిన మేస్త్రీ చేత జాగ్రత్తగా ఊడదీయించి, కొయ్య పూర్తిగా ఆరాకే ఏ దూలం మార్చాలో నిర్ణయించండి.