పాయింట్లున్నాయి సరే, సీటేదీ? అపోహలు, వాస్తవాలు

టికెటింగ్ పనిలో ఉన్నవాణ్ణి. డిసెంబరో, వేసవి సెలవులో దగ్గరపడితే చాలు, ఒకే రకం ఫోన్లు. "క్రెడిట్ కార్డు పాయింట్లన్నీ ఎయిర్‌లైన్‌లోకి మార్చేశానండీ, అమ్మావాళ్లకి బిజినెస్ క్లాస్ చేసిపెట్టండి." మార్చేముందు అడగాల్సింది కదా అని మనసులోనే అనుకుని సీట్లు వెతకడం మొదలుపెడతాను.

అపోహ: సరిపడా పాయింట్లుంటే టికెట్ వచ్చినట్టే.

వాస్తవం: రివార్డ్ సీట్ల లెక్క వేరు. విమానంలో బోలెడు సీట్లు ఖాళీగా కనిపించినా పాయింట్లకి ఇచ్చేవి ఒకటో రెండో ఉండొచ్చు, అసలే ఉండకపోవచ్చు. డబ్బిచ్చి కొనేవాళ్లు దొరుకుతారనుకున్న రోజున ఏ సంస్థయినా పాయింట్లకి ఎందుకు వదులుతుంది? సంక్రాంతికి ఇంటికొచ్చేవాళ్లు, వేసవిలో అమెరికా వెళ్లే తల్లిదండ్రులు సరిగ్గా ఆ రోజులే అడుగుతారు. కొన్నిచోట్ల ఎక్కువ పాయింట్లు పోస్తే దొరుకుతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ పాయింట్ల పథకం క్రిస్‌ఫ్లయర్‌లో తక్కువ పాయింట్ల సేవర్ సీటు లేకపోతే అడ్వాంటేజ్ రేటుకి వెళ్లాలి, అదేమో బాగా ఎక్కువ.

అసలు నష్టం ఎక్కడంటే, కార్డు నుంచి ఎయిర్‌లైన్‌కి వెళ్లిన పాయింట్లు వెనక్కి రావు. కార్డులో ఉన్నప్పుడు వాటికి నాలుగు దారులు, మార్చాక ఒకటే. పైగా గడువు మొదలవుతుంది. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకి (అక్కడ పాయింట్లని అలా అంటారు) మూడేళ్లు. మధ్యలో ఒకసారి విమానం ఎక్కినంత మాత్రాన ఆ గడువు పెరగదు.

ఒక అల్లుడుగారు భార్య పురుడుకి అత్తగారిని డల్లాస్ తీసుకెళ్దామని ఉన్న పాయింట్లన్నీ మార్చేశారు. డిసెంబరు చివర్లో ప్రయాణం. నేను ముందూ వెనకా వారం వెతికాను, లేదు. కాన్పు ఆగదు కదా! చివరికి ఎకానమీ టికెట్ డబ్బు పెట్టి కొన్నారు. "నా వల్లే ఇంత ఖర్చు" అని అత్తగారు పదేపదే అనడం నాకే కష్టంగా అనిపించింది. తిరుగు ప్రయాణానికి మాత్రం మార్చిలో, వారం మధ్యలో, బిజినెస్‌లో సీటు దొరికింది. ఆ పాయింట్లతోనే వచ్చారు.

కాబట్టి ముందు ఎయిర్‌లైన్‌లో ఖాతా తెరవండి, దానికి డబ్బేమీ కట్టక్కర్లేదు. లాగిన్ అయి సీటు కళ్లారా చూడండి. ఎన్ని పాయింట్లు, పన్నులెంతో రాసుకోండి. పక్క తేదీలూ చూసి పెట్టుకోండి. ఆ తర్వాతే మార్చండి. కొన్ని కార్డుల నుంచి నిమిషాల్లో చేరతాయి, కొన్నింటికి రోజులు పడుతుంది, ఈలోగా ఆ సీటు పోనూవచ్చు.

అపోహ: పాయింట్ల టికెట్ ఉచితం.

వాస్తవం: పన్నులు మీరే కట్టాలి. కొన్ని సంస్థలు క్యారియర్ సర్‌ఛార్జ్ అని తమ సొంత రుసుము కూడా వేస్తాయి. ఎకానమీలో ఒక్కోసారి ఆఫర్ టికెట్ కొనుక్కోవడమే నయం.

అపోహ: దాచుకుంటే మంచిది.

వాస్తవం: ఇదేమీ ఫిక్సెడ్ డిపాజిట్ కాదు, వడ్డీ రాదు సరికదా అసలే తరుగుతుంది. హోటళ్ల సంస్థ మారియట్, ఏ హోటల్‌కి ఎన్ని పాయింట్లో చెప్పే పట్టికని 2022లో ఎత్తేసింది. ఇప్పుడు గిరాకీని బట్టి రేటు.

అపోహ: ఎయిర్‌లైన్ ఇంకోదాంట్లో కలిస్తే పాయింట్లు గోవిందా.

వాస్తవం: 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసినప్పుడు వాట్సాప్‌లో ఈ గోలే. ఆ పాయింట్లు ఎయిరిండియా పాయింట్ల పథకం మహారాజా క్లబ్‌కి వెళ్లాయి. కింగ్‌ఫిషర్ విమానాలు 2012లో ఆగిపోయినప్పుడు పాయింట్లు పోయిన మాట నిజమే, కానీ అది మూతపడటం, కలవడం కాదు. "ఈ రాత్రికి మీ పాయింట్లు పోతాయి, లింకు నొక్కండి" అనే మెసేజ్ వస్తే మాత్రం నొక్కకండి. గాభరా పడకుండా సంస్థ యాప్ తెరిచి గడువు చూసుకోండి.

హోటల్ గదిని బుకింగ్ సైట్లలో కొంటే చాలా గొలుసు హోటళ్లు పాయింట్లివ్వవు, వాళ్ల సొంత యాప్‌లో కొనాలి. అంతే.

చివరగా మనవాళ్ల పేర్ల సంగతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఖాతా తెరిచేటప్పుడు ఒక్క అక్షరం వేసి ఊరుకుంటారు. పేర్లు కలవకపోతే ప్రయాణానికి వచ్చే పాయింట్లు పడవు. అత్తగారి టికెట్‌లో అల్లుడి ఖాతా నంబరు వేసినా పడవు, ఎగిరినవాళ్ల ఖాతాలోకే వెళ్తాయి. పెద్దవాళ్లకి వాళ్ల పేరుతోనే ఖాతా తెరవండి. కుటుంబ ఖాతా ఉన్నచోట తర్వాత కలుపుకోవచ్చు. పాయింట్లు పడేదాకా బోర్డింగ్ పాస్ పారేయొద్దు. పడలేదని అడగడానికీ గడువుంటుంది, చాలాచోట్ల ఆరు నెలలే.