మెథడోన్ పోసే మెషీన్: అపోహలు, వాస్తవాలు

నేను అమెరికాలో ఒక మెథడోన్ క్లినిక్‌లో డోసింగ్ నర్సుని. హెరాయిన్, ఫెంటనిల్, నొప్పి మాత్రలు... వీటికి బానిసలైనవాళ్ళు మా దగ్గరికి వచ్చి మెథడోన్ తాగి వెళ్తారు. ఇదీ అదే జాతి మందే, కానీ నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసి ఆ తహతహని ఆపుతుంది. ఈ వ్యసనానికి మెథడోన్ కావాలంటే చీటీ పట్టుకుని మామూలు మెడికల్ షాపుకి వెళ్ళి కొనుక్కోవడం ఈ దేశంలో కుదరదు, లైసెన్సున్న క్లినిక్‌కే రావాలి. అందుకే తెల్లారకముందే మా గుమ్మం దగ్గర క్యూ ఉంటుంది, పనిలోకి వెళ్ళేలోపు డోసు అయిపోవాలని. ఇప్పుడు చాలా క్లినిక్‌లలో ఆ డోసుని నర్సు చేత్తో కొలవదు, కంప్యూటర్‌కి తగిలించిన పంపు కొలుస్తుంది. ఆ పంపు మీద బయటివాళ్ళకే కాదు, క్లినిక్ ఓనర్లకి, కొత్తగా చేరిన నర్సులకి కూడా రకరకాల నమ్మకాలున్నాయి.

అపోహ: మెషీనే పోస్తుంటే ఇక నర్సు ఎందుకు?

ఓనర్లకి బాగా నచ్చే అపోహ ఇది. మెథడోన్ ద్రవం ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. డాక్టర్ ఆర్డర్ 80 మిల్లీగ్రాములైతే కంప్యూటర్ పంపుకి 8 మిల్లీలీటర్లు అని చెప్తుంది, లోపలి రోలర్లు మెత్తటి ట్యూబుని నొక్కుకుంటూ తిరిగి అంత మందునీ కప్పులోకి తోస్తాయి, లాగ్‌లో ఎంట్రీ పడుతుంది, స్టాకులో అంత తగ్గుతుంది. ఇంతవరకే దాని పని. ఈ మనిషికి ఈ పూట ఆ 8 మిల్లీలీటర్లు ఇవ్వచ్చా లేదా అన్నది దానికి తెలీదు.

అది చూసేది కిటికీ వెనకున్న మనిషి. నడక ఎలా ఉంది, నిలబడే తూగుతున్నాడా, మాట ముద్దగా వస్తోందా, కంటిపాప బాగా కుంచించుకుపోయి ఉందా, ఆల్కహాల్ వాసన వస్తోందా. నిద్రమాత్రలు గానీ ఆల్కహాల్ గానీ లోపల ఉండగా పైన మెథడోన్ పడితే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి అనుమానం రాగానే డోసు ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆపినందుకు తిట్లు తినాలి కూడా, అది వేరే సంగతి. ఇచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. ఖాళీ కప్పులో కాసిని నీళ్ళు పోసి అవీ తాగించి, "ఏంటి, ఇవాళ డ్యూటీ ఎన్నింటికి?" అని అడుగుతాం. నోట్లో మందు దాచుకున్నవాడు జవాబు చెప్పలేడు.

పంపు వల్ల నిజంగా సమయం మిగులుతుంది, కాదనను. చేత్తో కొలిచి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టే పని పోయింది. కానీ మిగిలిన ఆ సమయాన్ని పేషెంటు మొహం చూడ్డానికి వాడుకోవాలా, లేక ఒక నర్సుని తీసేసి అదే క్యూని ఇంకా వేగంగా నడపడానికా అన్నదే అసలు గొడవ. రెండోదే చేసే చోట మెషీన్ పెట్టకముందే నయం అని నేను నిర్మొహమాటంగా చెప్తాను.

అపోహ: చెయ్యి తప్పు చేస్తుంది, పంపు చెయ్యదు

పంపు కూడా చేస్తుంది, కాకపోతే దాని తప్పులు వేరు. ట్యూబు రోజూ నలిగి నలిగి సాగిపోతుంది, సాగితే ప్రతి చుట్టుకీ వచ్చే మందు మారిపోతుంది. పైగా అది ఒక్క పేషెంటుతో ఆగదు, ఆ పొద్దున వచ్చిన వాళ్ళందరికీ అంతే తేడాతో పోతుంది. అందుకే పొద్దున కిటికీ తెరిచే ముందు క్యాలిబ్రేషన్ చేస్తాం: ఇంత పోయమని పంపుకి చెప్పి, వచ్చినదాన్ని గీతలున్న గాజు గొట్టంలో కంటి ఎత్తులో పెట్టి చదవడమో, తూకం వేయడమో. ఆ మందు నీళ్ళ కంటే బరువు, కాబట్టి దాని సాంద్రత లెక్కలో వేసుకోకుండా తూచితే అదో తప్పు.

ఇంకోటి, సీసా మార్చే నిమిషం. పాత సీసా అడుగుకొచ్చేసరికి ట్యూబులోకి గాలి పోతుంది. కొత్త సీసాకి తగిలించి, ట్యూబు నిండేదాకా కాస్త మందు వదిలేయాలి, దీన్ని ప్రైమింగ్ అంటారు. సరిగ్గా చేయకపోతే తర్వాతి కప్పులో బుడగలు వస్తాయి. పంపు మాత్రం ఇన్ని చుట్లు తిరిగాను కాబట్టి 8 మిల్లీలీటర్లు పోశాననే రాసుకుంటుంది. కప్పులో ఆరే ఉండచ్చు. కప్పు చూడగానే పేషెంటు "ఇది తక్కువుంది" అంటాడు. కొత్త నర్సులకి నేను చెప్పేది ఒకటే, ఆ మాట అన్నవాడితో స్క్రీన్ చూపించి వాదించొద్దు, ముందు ట్యూబు చూడండి. ఏళ్ళ తరబడి రోజూ అదే కప్పు తాగుతున్నవాడి కన్ను మామూలుది కాదు.

అపోహ: కొలత కరెక్టయితే డోసు కరెక్టే

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. మా పనిలో ప్రాణాలు తీసేది ఒకటి రెండు మిల్లీలీటర్ల తేడా కాదు, ఒకరి డోసు ఇంకొకరికి పోవడం. నెలల తరబడి తీసుకుంటున్నవాడు 120 మిల్లీగ్రాములు తాగి హాయిగా డ్యూటీకి వెళ్తాడు. మొన్న చేరి 30 మీద ఉన్నవాడికి అదే 120 పోస్తే? పంపు రెండిటినీ చుక్క తేడా లేకుండా పోస్తుంది. పైగా మెథడోన్ అప్పటికప్పుడు పడగొట్టదు, రక్తంలో పైస్థాయికి చేరడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, మనిషి నవ్వుతూ ఇంటికెళ్ళి నిద్రపోతాడు. విరుగుడు మందు నాలోక్సోన్ ఇస్తే లేస్తాడు గానీ దాని ప్రభావం గంటా గంటన్నరలో దిగిపోతుంది, మెథడోన్ మాత్రం రోజు దాటినా ఒంట్లోనే ఉంటుంది. అందుకే ఇలాంటి పొరపాటు జరిగితే ఇంటికి పంపి ఫోన్లో కనుక్కోవడం సరిపోదు, ఆసుపత్రికే పంపాలి.

కాబట్టి ఫొటో, పూర్తి పేరు, పుట్టినతేదీ సరిచూస్తాం, ఆ పైన డోసెంత అని అడుగుతాం. ఆ అంకె మనం చెప్పి అవునా అని అడగకూడదు, వాళ్ళ నోటితోనే రావాలి. (డోసు తగ్గించుకుంటూ, అంకె తెలియకుండా ఉంటేనే నయమని కోరుకునేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళ సంగతి వేరు.)

ఇక కొత్తగా చేరినవాళ్ళ మొదటి రెండు వారాలు. మొదటిరోజు మొత్తం 50 మిల్లీగ్రాములు దాటకూడదని 2024 ఫెడరల్ నిబంధనలు, డాక్టర్ కారణం రాసి పెడితే తప్ప. అంతకుముందు మొదటి డోసు 30, రోజు మొత్తానికి 40. ఇందులో కిటుకేమిటంటే స్క్రీన్ మీద 40, 40, 40 అని ఒకే అంకె కనిపిస్తున్నా, నిన్నటిది పూర్తిగా పోకముందే ఇవాళ్టిది చేరడంతో రక్తంలో మందు నాలుగైదు రోజుల పాటు పెరుగుతూనే ఉంటుంది. మొదటిరోజు చాలని డోసు ఐదోరోజుకి ఎక్కువైపోవచ్చు. దీనికి తోడు, కొన్ని రోజులకోసారి ఐదో పదో పెంచమని డాక్టర్ ముందే షెడ్యూల్ పెడితే సాఫ్ట్‌వేర్ తేదీ రాగానే తనంతట తానే పెంచేస్తుంది. మధ్యాహ్నాలు మగతగా ఉంటోంది అని పేషెంటు అన్న ఆ ఒక్క మాట విని షెడ్యూల్ ఆపించాల్సింది నర్సే.

సాఫ్ట్‌వేర్‌ది న్యాయంగా ఒప్పుకోవాల్సిన గొప్పతనం కూడా ఉంది. ఒకే రోజు రెండోసారి డోసు పోయనివ్వదు. వరసగా రోజులు మానేసి వచ్చినవాడి పాత డోసు దగ్గర స్క్రీన్ ఎర్రగా చేసి లాక్ వేసేస్తుంది, ఎందుకంటే కొన్నాళ్ళు మానేస్తే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, డాక్టర్ మళ్ళీ చూసి ఆర్డర్ ఇవ్వాలి. చేతి పుస్తకాల కాలంలో ఇది జనం రద్దీలో జారిపోయేది. కానీ అదే ఎర్ర స్క్రీన్ మీద "ఫీజు బాకీ", "కౌన్సెలర్ రమ్మన్నారు" లాంటివి కూడా హోల్డులుగా, అంటే డోసు ఆపే గుర్తులుగా పెట్టేస్తే, రోజంతా ఎరుపే చూసి చూసి నర్సు వేలు దానంతట అదే ఓకే మీద పడుతుంది. డబ్బుల హోల్డు, ప్రాణం హోల్డు ఒకే రంగులో ఉండకూడదని నేను ప్రతి మీటింగులో గొణుగుతూనే ఉంటాను.

అపోహ: వేలిముద్ర ఉంటే ఇక మోసమే లేదు

వచ్చినవాడు ఎవరో పోల్చుకోవడానికి వేలిముద్ర పెట్టిస్తాం. కానీ సిమెంటు పని, పెయింటింగ్ పని చేసేవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ముద్ర పడదు. చలికాలం పొడిచర్మం ఇంకో తంటా. మూడుసార్లు పెట్టి పడకపోతే పిన్ కొట్టమంటాం, పిన్ ఇంకొకరికి చెప్పడానికి ఎంతసేపు. ఫొటోలు చేరిన రోజువే ఉంటాయి. వ్యసనంలో చిక్కి సగమైనవాళ్ళు కోలుకున్నాక ఒళ్ళు చేస్తారు, గడ్డాలు తీసేస్తారు, ఏడాదికి ఆ ఫొటోకీ మనిషికీ పోలికే ఉండదు. ఫొటోలు మారుస్తుండాలి.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి, అసలు ఏటీఎంలా పెట్టేయొచ్చుగా అంటారు. కెనడాలోని వాంకూవర్‌లో అరచేతి నరాలు స్కాన్ చేసి హైడ్రోమోర్ఫోన్ అనే బలమైన నొప్పి మాత్రలిచ్చే మైసేఫ్ మెషీన్లు పెట్టారు. కానీ వాటి ఉద్దేశం వేరు, వీధిలో దొరికే విషపు సరుకు బదులు కల్తీలేని మందు అందించడం. కొత్తగా మెథడోన్ మొదలుపెట్టిన మనిషిని రోజూ చూసి డోసు సర్దడం దాని పని కాదు.

అపోహ: కంప్యూటర్ లెక్క ఉంటే దొంగతనం కుదరదు

సాయంత్రం షట్టర్ వేశాక సీసాలో ఉన్నదీ స్క్రీన్ చెప్పేదీ పోల్చి చూస్తే చుక్క తేడా లేకుండా సరిపోవడం చాలా అరుదు. లీటరు సీసాలో కంపెనీవాళ్ళు కొంచెం ఎక్కువ పోసి ఉండచ్చు, ట్యూబులో కొంత నిలుస్తుంది, గోడకి కొంత అంటుతుంది. రోజూ చిన్న తేడా, ఒకసారి పైకి ఒకసారి కిందికి ఉందంటే నాకు భయం లేదు. రోజూ సున్నా అని వస్తేనే అనుమానం. ఎవరో కూర్చుని సర్దుతున్నారన్నమాట.

దొంగతనం జరిగేది పోసే చోట కంటే పారబోసే చోట. ప్రైమింగ్‌కి పోయింది, ఒలికిపోయింది, కప్పు పడిపోయింది... ఇలాంటి ఎంట్రీలు ఒకే లాగిన్ మీద, ఒకే షిఫ్టులో ఎక్కువవుతుంటే చూడాలి. పారబోతకి రెండో మనిషి సాక్షి సంతకం పెట్టాలని మాకు రూలుంది. ఆ రెండో మనిషి నిజంగా అక్కడ నిలబడి చూశారా, టీ తాగి వచ్చి సంతకం పెట్టారా అన్నది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. డీఈఏ (ఇక్కడి మత్తుమందుల నియంత్రణ సంస్థ) వాళ్ళు తనిఖీకి వస్తే రెండేళ్ళ రికార్డులు అడిగే హక్కుంది.

అపోహ: ఇంటికి సీసాలిస్తే అమ్ముకుంటారు, కాబట్టి రోజూ రప్పించాలి

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు నిలకడగా ఉన్నవాళ్ళకి 28 రోజుల వరకూ ఇంటికి ఇవ్వచ్చని ప్రభుత్వం సడలించింది. అందరూ గుండెలు చేతబట్టుకున్నారు. తర్వాత చూస్తే, మొత్తం ఓవర్‌డోస్ మరణాల్లో మెథడోన్ ఉన్న వాటి వాటా 2019లో 4.5 శాతం, 2021లో 3.2 శాతం. 2024 నిబంధనల్లో ఆ సడలింపు శాశ్వతమైంది: మొదటి 14 రోజుల్లో 7 రోజుల మందు వరకూ, 15వ రోజు నుంచి 14, 31వ రోజు నుంచి 28. అందరికీ ఇవ్వాలని కాదు, డాక్టర్ సరేనంటే ఇవ్వచ్చని.

పంపుకి నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టేది ఇక్కడే. ఒక్కడికి 28 సీసాలు చేత్తో నింపి, పిల్లలు తీయలేని మూతలు బిగించి, ప్రతిదానికీ క్లినిక్ పేరు, అడ్రసు, ఫోను ఉన్న లేబుల్ అంటించడం అంటే మణికట్టు పోతుంది. పంపు వరసగా నింపుకుంటూ పోతుంది, మనం మూత బిగిసిందా, లేబుల్ ఈయనదేనా అని చూస్తే చాలు. తాళంపెట్టె తెచ్చుకున్నారా అని కూడా. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళని రెండుసార్లు అడుగుతాను.

అపోహ: కరెంటు పోతే క్లినిక్ మూసేయాలి

మూస్తే ఆ రోజు అందరికీ విత్‌డ్రాయల్, అంటే మందు అందక ఒళ్ళు పడే బాధ, మొదలవుతుంది, సగంమంది వీధిలో కొనుక్కుంటారు. ముందురోజు సాయంత్రమే అందరి డోసులూ, చివరిసారి తీసుకున్న తేదీలూ కాగితం మీద తీసి భద్రంగా పెట్టుకోవాలి, చేతి పంపు గానీ సిరంజీలు గానీ సిద్ధంగా ఉండాలి, చేత్తో కొలవడం వచ్చిన నర్సు ప్రతి షిఫ్టులో ఉండాలి. పంపు మీదే చేరి పంపు మీదే ఎదిగిన కొత్తవాళ్ళకి ఇది రావట్లేదు, నెలకోసారైనా చేయించాలి. 2012లో శాండీ తుఫానుకి న్యూయార్క్‌లో క్లినిక్‌లు మూతపడ్డప్పుడు, వేరే క్లినిక్‌కి వెళ్ళిన పేషెంట్లు తమ డోసెంతో రుజువు చేసుకోలేక నానా తిప్పలు పడ్డారు.

చివరిగా, ఇండియా నుంచి చుట్టాలు, పాత క్లాస్‌మేట్లు అడిగేది: ఇవి మన దగ్గర కూడా పెడితే బాగుంటుంది కదా అని. మన దగ్గర ఈ చికిత్సలో ఎక్కువగా వాడేది మెథడోన్‌లాంటి పనే చేసే బుప్రెనార్ఫిన్ మాత్ర. నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కేంద్రాల్లో దాన్ని నలిపి నాలుక కింద పెట్టి, కరిగేదాకా ఎదురుగా కూర్చోబెడతారు. పంజాబ్‌లో 2017 నుంచి నడుస్తున్న ఓట్ క్లినిక్‌లలోనూ (ఈ వ్యసనానికి వచ్చి మందు తీసుకుని వెళ్ళే కేంద్రాలు) బుప్రెనార్ఫిన్, నాలోక్సోన్ కలిసిన మాత్రే. మెథడోన్ ద్రవం ఇచ్చేది కొద్ది చోట్లే. ద్రవం లేని చోట పంపుకి పనేముంది. అక్కడ కంప్యూటర్ వల్ల ఉపయోగమంటే, ఇవాళ ఒక సెంటర్లో తీసుకున్నవాడు ఇంకో సెంటర్లో మళ్ళీ తీసుకోకుండా చూడటం, ఊరు మారినవాడికి కొత్త చోట మొదటిరోజే తన డోసు దొరికేలా చూడటం.