మందు మానే మొదటి వారం: అపోహలు - వాస్తవాలు

అపోహ: గట్టిగా అనుకుంటే ఈ రాత్రి నుంచే మానేయొచ్చు.

అప్పుడప్పుడు తాగేవాళ్ల సంగతి వేరు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లకు ఇది ప్రమాదకరమైన సలహా. మద్యం మెదడును మందగింపజేస్తుంటే, దానికి దీటుగా మెదడు తన వేగం పెంచుకుని ఉంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగితే ఆ వేగానికి పగ్గం ఉండదు. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే చాలావరకు మొదటి 48 గంటల్లోనే. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మనిషి లేని పురుగులను దులుపుకుంటూ, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టకుండా ఉంటే అది డెలీరియం ట్రెమెన్స్, అంటే మద్యం ఆగినందుకు మతి తప్పే ప్రమాదకర స్థితి. గాలి సోకిందని తాయెత్తు కట్టించే లోపు ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పొద్దున్నే ఒక పెగ్గు పడితే తప్ప చేతుల వణుకు ఆగనివాళ్లు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు ఆసుపత్రిలో చేరే మానాలి. అక్కడ క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మందు మొదట తగినంత ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ ఆపేస్తారు. కాలేయం బాగా చెడితే లొరాజెపామ్ వాడతారు. ఈ బిళ్లలు సొంతంగా కొని మద్యంతో పాటు మింగితే ఊపిరి ఆగొచ్చు.

అపోహ: నీరసమే కదా, గ్లూకోజ్ ఎక్కిస్తే లేస్తాడు.

తాగేవాళ్ల ఒంట్లో విటమిన్ బి1 (థయామిన్) అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినొచ్చు. కనుగుడ్లు అదరడం, నడక తూలడం, మతి తప్పడం దాని గుర్తులు. బాటిల్ పెట్టేముందు "బి1 ఇచ్చారా?" అని ఆర్‌ఎంపీని అడగండి.

అపోహ: బీరు, కల్లు మందు కిందికి రావు.

42.8 శాతం ఉండే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 41 గ్రాములు. రెండు సీసాలైతే క్వార్టర్‌ను దాటేసినట్టే. ఇక తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు బయటపడ్డాయి. కల్లు మానిన మనిషి పిచ్చిగా ప్రవర్తించడం, ఫిట్స్ రావడం ఆ మత్తుమందు ఆగినందుకు కూడా కావచ్చు. ఏ కల్లు, రోజుకు ఎంత తాగేవాడో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

అపోహ: మాల వేసుకుని 41 రోజులు ముట్టలేదు, బానిస ఎలా అవుతాడు?

దీక్షలో తెల్లవారుజామున స్నానం, సాయంత్రం భజన, చుట్టూ స్వాములు. గ్లాసు అందించేవాడే ఉండడు. మాల తీసిన రోజున ఇదంతా ఒక్కసారిగా పోతుంది. పైగా తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి పాత మోతాదే ప్రాణాపాయం. మాల వేసుకునే ముందే వైద్యుడి దగ్గర మానడం, ఇరుముడి కట్టే లోపే తర్వాతి చికిత్స మందులూ, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం) మీటింగులూ ఖాయం చేసుకోవడం మంచిది.

అపోహ: తెలియకుండా కూరలో బిళ్ల కలిపితే మానేస్తాడు.

కలిపేది డైసల్ఫిరామ్ అయితే, దాని మీద తాగిన మనిషికి ముఖం ఎర్రబారి, వాంతులై, బీపీ పడిపోయి గుండె ఆగొచ్చు. చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు ఆగి, మనిషికి అన్నీ చెప్పి, అతని ఒప్పుకోలుతోనే మొదలుపెట్టాలి. ఆపిన రెండు వారాల వరకూ ప్రభావం ఉండొచ్చు. ఆ రోజుల్లో ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌లు, ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలు కూడా వద్దు. యావ తగ్గించే నాల్ట్రెక్సోన్ (సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాములు), అకాంప్రోసేట్ వేరే దారులు. మొదటిదానికి కాలేయం, రెండోదానికి కిడ్నీ పరీక్ష చేయించాలి.

మధ్యలో జారితే మొదటి రోజు నుంచి అన్నీ పోయినట్టు కాదు. ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉచితం.