ఓసీఐ కార్డులో పౌరసత్వం పాలెంత?

అమెరికా పౌరసత్వం పుచ్చుకునే రోజున కుడి చెయ్యెత్తి చేసే ప్రమాణంలో, అంతవరకు ఏ విదేశీ రాజ్యానికి విధేయులుగా ఉన్నారో ఆ విధేయతను పూర్తిగా వదులుకుంటున్నామన్న మాట ఉంటుంది. భారత పౌరసత్వం ఆ మాటతోనే పోతుందని మనవారిలో చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ప్రమాణం చేయించిన అమెరికా పాత పాస్‌పోర్టు ఇచ్చేయమని అడగదు, రెండో పౌరసత్వం ఉందన్న కారణంతో తన పౌరసత్వాన్ని రద్దు చేయదు. బంధం తెంచేది మన చట్టమే. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పొందినవారు భారత పౌరులు కారని రాజ్యాంగంలోని 9వ అధికరణం అంటే, ఆ తరువాతి కాలానికి అదే కట్టడిని 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కొనసాగించింది. కాన్సులేట్ రద్దు ముద్ర వేసి తిరిగిచ్చే పాత పాస్‌పోర్టు, దానితోపాటు వచ్చే సరెండర్ సర్టిఫికెట్ (పాత పాస్‌పోర్టు అప్పగించినట్టు ఇచ్చే పత్రం) అప్పటికే జరిగిపోయినదానికి రసీదులు మాత్రమే.

దేశ విభజన నాటి గందరగోళంలో, ఎవరు ఏ దేశపువారో తేల్చవలసివచ్చిన రోజుల్లో రూపుదిద్దుకున్న ఈ నియమాన్ని సడలించాలన్న కోరిక ప్రవాసుల్లో బలపడింది. 1999లో భారత సంతతివారి కోసం పీఐఓ (పర్సన్ ఆఫ్ ఇండియన్ ఆరిజిన్) కార్డు వచ్చింది. ప్రవాస భారతీయుల విషయాలపై ఏర్పాటైన ఎల్.ఎం. సింఘ్వీ కమిటీ 2002లో ద్వంద్వ పౌరసత్వాన్ని సిఫారసు చేయగా, మరుసటి ఏడు జనవరిలో తొలి ప్రవాసీ భారతీయ దివస్ వేదికపై ప్రధాని వాజ్‌పేయి దాన్ని ప్రకటించారు. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, అంటే విదేశాల్లోని భారత పౌరులు) పేరిట మొదట 16 దేశాలకే పరిమితమైన ఆ ఏర్పాటును 2005 సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్ మినహా మిగతా దేశాలకు విస్తరించింది. తొలి ఓసీఐ కార్డులను 2006 జనవరిలో ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేసింది మన హైదరాబాద్‌లోనే.

అయితే 9వ అధికరణాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే పేరులో పౌరసత్వం ఉన్నా కార్డులో ఉన్నది జీవితకాలపు వీసా, దానికి జోడించిన కొన్ని సౌకర్యాలు. ఓటు లేదు, చట్టసభల్లో చోటు లేదు, ప్రభుత్వ ఉద్యోగం సాధారణంగా రాదు. తాతల నాటి మాగాణి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు గాని, దాని గట్టుకు ఆనుకుని ఉన్న అరెకరం కొనడానికి వీల్లేదు. 2015లో పీఐఓను ఇందులో కలిపేసినప్పుడు చట్టమే పేరు చివర ‘కార్డ్‌హోల్డర్’ అని చేర్చింది. ఆ ఒక్క మాటలో నిజాయితీ ఉందనే చెప్పాలి.

2021 మార్చి 4 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ నీట్ వంటి ప్రవేశ పరీక్షల్లో ఓసీఐ కార్డున్నవారిని ఎన్నారై సీట్లకే పరిమితం చేసింది. అంతకుముందే కార్డు పొందినవారికి ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2023లో తేల్చడంతో, ఒకే ఇంట్లో ఆ తేదీకి ముందు కార్డు వచ్చిన అక్క జనరల్ సీటుకు పోటీపడవచ్చు, తరువాత వచ్చిన తమ్ముడు పడలేడు.